పట్టా చేతికి వచ్చింది, పని చేతికి వచ్చిందా?

మన పిల్లల చదువులు – న్యాయవిద్య



ఈ నెల లా చదువును గురించి వ్రాయదలచాము. మన పల్లె సంఘాలలో ఈ చదువుకు బయలుదేరే పిల్లలు ఇప్పుడు అక్కడక్కడ కనిపిస్తున్నారు. తండ్రి కౌలు రైతు, తల్లి కూలికి వెళ్తుంది. కొడుకో కూతురో డిగ్రీ ముగించి, లాసెట్ వ్రాసి, హైదరాబాదు చేరుకుంటారు. మూడేళ్లు గడుస్తాయి. నల్లకోటు వేసుకొని దిగిన ఫోటో ఇంటి గోడమీదికి వస్తుంది. అయ్యగారు ఆదివారం ఆరాధనలో పేరు చెప్పి స్తుతి ప్రార్థన చేస్తారు. అందరికీ సంతోషమే. మరి కొన్ని నెలలు గడిచిన తరువాత ఆ తల్లిదండ్రులే మెల్లగా అడుగుతారు: "మావాడు లాయరయ్యాడు గదా, మా పొలం కేసు ఎందుకు పట్టుకోవడం లేదు? ఇంకా ఎవరో సీనియరు దగ్గర ఫైళ్లు మోస్తున్నానంటాడేమిటి?"

ఈ ప్రశ్నలో కోపం లేదు, బెంగ ఉన్నది. అప్పు చేసి చదివించిన ఇంట్లో ఆ బెంగ సహజమే. దానికి జవాబు చెప్పడానికే ఈ వ్యాసము. పట్టా వేరు, పని వేరు. పట్టాను కాలేజీ ఇస్తుంది. పనిని చేసి నేర్చుకోవాలి. ఆ నేర్చుకునే అవకాశం చదువు లోపలే కొంత ఉన్నది గాని చాలామంది దానిని చేజార్చుకుంటున్నారు. వకీళ్ల ఇంట పుట్టిన పిల్లవాడు కాలేజీలో చేజార్చుకున్నా ఇంట్లో సంపాదించుకుంటాడు. మన పిల్లలకు ఆ రెండవ దారి లేదు. అందుకే మొదటి దారిని గట్టిగా పట్టుకోవాలని చెప్తున్నాము.

ఆ మూడు పేటలు

పల్లెల నుండి వచ్చిన పిల్లలు చాలామంది బస చేసేది చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ పేటలలో. మూడూ ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. నారాయణగూడలో కేశవ్ మెమోరియల్ విద్యాసంస్థలున్నాయి. వాటిలో లా కాలేజీ కూడా ఒకటి. వకీలుగా పేరుపొంది హైదరాబాదు హైకోర్టు న్యాయమూర్తి అయిన కేశవరావు కొరాట్కర్ గారి పేరుమీద వెలసిన సంస్థలవి. చిక్కడపల్లికి దగ్గరలో, బాగ్‌లింగంపల్లిలో డాక్టర్ అంబేద్కర్ లా కాలేజీ ఉన్నది. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయమున్నది. ప్రొద్దుటే వెళ్లకపోతే అక్కడ కుర్చీ దొరకదు. అశోక్‌నగర్ నిండా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, మెస్సులు, స్టడీ హాళ్లు, జెరాక్స్ దుకాణాలు.

చదువుకునే బిడ్డకు ఇంతకంటె మంచి చోటు ఎక్కడున్నది అనిపిస్తుంది. నిజమే. అయితే ఇక్కడి గాలి పరీక్షల గాలి. గ్రూప్స్ వ్రాసేవారూ, కానిస్టేబుల్ పరీక్ష వ్రాసేవారూ, లా చదివేవారూ ఒకే గదిలో ఉంటారు. ప్రశ్న, దానిక్రింద నాలుగు జవాబులు, వాటిలో ఒకటి గుర్తుపట్టడం – చదువంటే ఇదేనన్న అలవాటు తెలియకుండానే అంటుకుంటుంది. కోర్టుకు వచ్చే మనిషి నాలుగు జవాబులు వ్రాసుకొని రాడు. చినిగిన కాగితాల సంచీ పట్టుకొని, ఏడుస్తూ, ముందుది వెనుక, వెనుకది ముందు చెప్తాడు. అందులో నుండి కేసును బయటికి తీయాలి. ఈ విద్య ఏ గైడులోనూ లేదు.

హౌస్ సర్జన్ లేని చదువు

ఎం.బి.బి.ఎస్. చదివిన పిల్లవాడు ఒక సంవత్సరం హౌస్ సర్జన్‌గా ఆసుపత్రిలో పనిచేసిన తరువాతనే సొంతంగా వైద్యం చేస్తాడని మన పాఠకులకు తెలుసు. ఇంగ్లండులో కోర్టులో వాదించే బారిస్టరు కూడా ఒక సంవత్సరం పెద్ద వకీలు వెంట తిరిగి నేర్చుకోవాలి. మొదటి ఆరు నెలలు చూడడం, తరువాతి ఆరు నెలలు ఆయన కనుసన్నలలో చేయడం. మన దేశంలో 1961 నాటి అడ్వకేట్స్ చట్టములో ఇటువంటి శిక్షణ ఉండేది. 1973లో చట్టాన్ని సవరించి దానిని తీసివేశారు. 1995లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా మరల ఒక సంవత్సరం శిక్షణ ఉండాలని నియమం చేసింది. చట్టములో లేని షరతును కౌన్సిల్ తనంతట తాను పెట్టలేదని 1999లో సుప్రీం కోర్టు దానిని కొట్టివేసింది. 2011 నుండి ఆలిండియా బార్ పరీక్ష వచ్చింది. ఎన్‌రోల్ అయినవారు రెండేళ్ల లోపల దానిని పాసు కావాలి. మంచిదే. కాని అది కూడా జవాబు గుర్తుపట్టే పరీక్షే.

ఇందుచేత ఈరోజు పట్టా తీసుకొని ఎన్‌రోల్ అయిన బిడ్డకు రేపే కోర్టులో నిలబడే హక్కు ఉన్నది. నిలబడి ఏమి చేయాలో నేర్పే సంవత్సరం మాత్రం లేదు. హక్కు ఉండి నేర్పు లేకపోతే నష్టపోయేది లాయరు ఒక్కడే కాదు. అతనిని నమ్మి వకాలతు మీద వేలిముద్ర వేసిన మనిషి.

నేర్పు లేకపోవడం తెలివి లేకపోవడమని ఎవరూ అనుకోవద్దు. గాంధీగారు లండనులో బారిస్టరు చదివి 1891లో తిరిగి వచ్చారు. బొంబాయి చిన్న కోర్టులో మొదటి కేసులో ఎదుటి సాక్షిని ప్రశ్నించడానికి లేచి, తల తిరిగినట్లయి, నోట మాట రాక కూర్చుండిపోయారు. కేసు వేరే వకీలుకు అప్పగించమని చెప్పి ఫీజు 30 రూపాయలు తిరిగి ఇచ్చివేశారు. ఈ సంగతి ఆయనే తన ఆత్మకథలో వ్రాసుకున్నారు. ఆ తరువాత దక్షిణాఫ్రికాలో ఒక వర్తకుని కేసుకోసం జమాఖర్చుల లెక్కలు మొదటినుండి నేర్చుకొని, కాగితాలన్నీ చదివి, కేసు నడవడానికి ఆధారం జరిగిన సంగతులేనని తెలుసుకున్నారు. చివరికి ఇరువైపులవారినీ మధ్యవర్తి ముందు కూర్చోబెట్టి రాజీ కుదిర్చారు. మాట రాక కూర్చున్నదీ, రాజీ కుదిర్చినదీ ఒకే మనిషి. మధ్యలో జరిగినది పని నేర్చుకోవడము.

ఆ నాలుగు పేపర్లు

లా కోర్సులో ప్రాక్టికల్ పేపర్లున్నాయని తల్లిదండ్రులకు తెలియదు. బార్ కౌన్సిల్ 2008 నియమాల ప్రకారం నాలుగు తప్పనిసరి.

మొదటిది కాగితాలు వ్రాయడము. దావా, జవాబు దావా, అఫిడవిట్, బెయిల్ పిటిషన్ వంటివి 15, అమ్మకం దస్తావేజు, వీలునామా, కౌలు పత్రము వంటివి మరో 15 స్వయంగా వ్రాయాలి.

రెండవది వృత్తి ధర్మము. కేసు గెలిస్తే భూమిలో వాటా ఇవ్వాలని లాయరు ఒప్పందం చేసుకోకూడదని ఇందులో నేర్పుతారు. ఫీజు బాకీ ఉన్నదని కక్షిదారుని కాగితాలు ఆపుకోకూడదని 2000 సంవత్సరములో సుప్రీం కోర్టు చెప్పింది. ఈ రెండు మాటలూ పల్లెలలో ఉన్న మనకు కూడా తెలిసి ఉండవలసినవే.

మూడవది కోర్టు బయట తగవు తీర్చే పద్ధతులు – మధ్యవర్తిత్వము, రాజీ, లోక్ అదాలత్. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానము. దానిమీద అప్పీలు లేదు. కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. నీ ప్రతివాదితో త్రోవలో ఉండగానే సమాధానపడుమని మన ప్రభువు కొండమీద నేర్పిన సంగతి ఎరిగిన మనము ఈ పేపరును చిన్నచూపు చూడరాదు.

నాలుగవది మూట్ కోర్టు, అనగా కాలేజీలో నమూనా కోర్టు పెట్టి వాదించడము. మూడుసార్లు వాదించాలి. దానితోపాటు నిజమైన కోర్టులో ఒక సివిల్ కేసు, ఒక క్రిమినల్ కేసు విచారణను గమనించి వ్రాయాలి. లాయరు ఆఫీసులో కూర్చొని ఇద్దరు కక్షిదారులతో ఆయన మాట్లాడే తీరును చూసి వ్రాయాలి.

ఇవిగాక ఇంటర్న్‌షిప్ ఉన్నది. మూడేళ్ల కోర్సులో మొత్తం 12 వారాలు, అయిదేళ్ల కోర్సులో 20 వారాలు తక్కువ కాకుండా లాయర్ల దగ్గరగాని, కోర్టులో గాని, న్యాయ సేవా సంస్థలలో గాని పనిచేసి డైరీ వ్రాయాలి.

కాగితం మీద ఇది మంచి ఏర్పాటు. అయితే జరుగుతున్నదేమిటి? ముందు సంవత్సరం పిల్లల రికార్డు తెచ్చుకొని రాత్రికి రాత్రి చూసి వ్రాసేవారున్నారు. డబ్బిచ్చి వ్రాయించుకునేవారున్నారు. కోర్టు మెట్లెక్కకుండానే విచారణ చూశామని వ్రాసేవారున్నారు. తెలిసిన లాయరు దగ్గర ఇంటర్న్‌షిప్ కాగితం మీద సంతకం మాత్రం తెచ్చుకునేవారున్నారు. మార్కులు వస్తాయి, ఎవరూ అడగరు.

మేము ఈ విషయంలో గట్టిగానే చెప్పదలచాము. చూడని సంగతిని చూశానని వ్రాసి సంతకం పెట్టడం అబద్ధ సాక్ష్యము. రేపు కోర్టులో సాక్షి చేత ప్రమాణం చేయించే వృత్తిలోనికి అబద్ధపు రికార్డుతో అడుగుపెట్టడం ఎంత విచారకరము! అది పాపమన్నది ఒక సంగతి, అది పిల్లవాని కాళ్లను తానే నరుక్కోవడమన్నది రెండవ సంగతి. పల్లె నుండి వచ్చిన మొదటి తరం బిడ్డకు కాలేజీ ఉచితంగా చూపే కోర్టు తలుపు అదొక్కటే.

వినడం మొదటి పని

లాయరంటే మాట్లాడేవాడని మన ఊహ. వినేవాడని మేమంటాము. ధర్మశాస్త్రము మనిషి మాట వినక మునుపే అతనికి తీర్పు తీర్చదు గదా అని నీకొదేము పెద్దల సభలో అడిగాడు (యోహాను 7వ అధ్యాయము). ముందుగా చెప్పినవాని మాట న్యాయంగానే తోస్తుందనీ, ఎదుటివాడు వచ్చి పరీక్షించినప్పుడు సంగతి తేలుతుందనీ సామెతల గ్రంథము 18వ అధ్యాయములో జ్ఞాని హెచ్చరిస్తున్నాడు. సొంత కక్షిదారుడు చెప్పినదంతా నమ్మి దావా వేసిన జూనియరు, ఎదుటివారి రసీదు బయటపడినప్పుడు దిక్కులు చూస్తాడు. మన మనిషినే ముందుగా మెల్లగా ప్రశ్నించాలి: ఆరోజు ఇంకా ఎవరున్నారు? సొమ్ము చేతికిచ్చారా, బ్యాంకులో వేశారా? మీకు వ్యతిరేకంగా వాళ్లు ఏమంటారు?

నారాయణగూడ పేటకు ఈ విషయంలో ఒక పాత జ్ఞాపకమున్నది. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధిని థియేటరులో సంఘసంస్కార సభ జరిగింది. అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలోనివారు గేలి చేశారు. ఆ అవమానము నుండే ఆంధ్ర జనసంఘము పుట్టింది. ఆ ఉద్యమములో ముందు నిలిచిన మాడపాటి హనుమంతరావుగారు కూడా వకీలే. 1928లో ఆయన ఆడపిల్లల కోసం స్థాపించిన తెలుగు బడి నారాయణగూడలో ఆయన పేరుతోనే నడుస్తున్నది.

ఈ కథ ఎందుకు చెప్తున్నామంటే, పల్లె నుండి వెళ్లిన లా విద్యార్థి తన తెలుగును చూసి సిగ్గుపడుతుంటాడు. ఇంగ్లీషు నేర్చుకోవాలి, సందేహం లేదు. దావా వ్రాయడానికీ, హైకోర్టులో నిలబడడానికీ అది కావాలి. కాని పొలం గట్టు తగవును, పాలివాళ్ల పంపకాన్ని, కట్నం పేరుతో జరిగే హింసను బాధితులు తెలుగులోనే చెప్తారు. పడమటి గట్టు, తుమ్మ చెట్టు, నక్ష బాట అన్న మాటలు పట్నం పిల్లవానికి అర్థం కావు, మన బిడ్డకు అర్థమవుతాయి. తెలుగులో విని ఇంగ్లీషులో తప్పు లేకుండా వ్రాయగలిగినవాడు ఏ ఆఫీసులోనైనా విలువైనవాడే. అందుచేత విన్న ప్రతి కథను రాత్రి ఒక పేజీ ఇంగ్లీషులో, తేదీల వరుసలో వ్రాసే అలవాటు మొదటి సంవత్సరం నుండే చేసుకోవాలి.

తేదీలూ హద్దులూ

కాగితాలు వ్రాసే పేపరులో 30 అభ్యాసాలు ఎందుకంటారా? రెండు ఉదాహరణలు చెప్తాము.

ఒక విధవరాలు భర్త పోయినప్పుడు వచ్చిన సొమ్ములో కొంత ప్రోనోటు మీద అప్పిచ్చిందనుకుందాము. అడిగినప్పుడు తీర్చాలన్న ప్రోనోటుకు వ్రాసిన తేదీ నుండి మూడేళ్లే గడువు. ఆ లోపల బాకీదారు కొంత చెల్లించి నోటు వెనుక సంతకం చేస్తే అక్కడి నుండి మరల మూడేళ్లు. ఏమీ లేకుండా గడువు దాటితే, నిజమైన బాకీ అయినా కోర్టు ద్వారా రాబట్టుకోలేదు. జూనియరు మొదట చూడవలసినది వడ్డీ రేటును కాదు, తేదీని.

అదే మనిషి చెక్కు ఇచ్చి, అది బ్యాంకులో చెల్లకపోతే, బ్యాంకు నుండి ఆ సంగతి తెలిసిన 30 రోజుల లోపల వ్రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన తరువాత బాకీదారుకు 15 రోజుల సమయం. అప్పటికీ చెల్లించకపోతే ఆపైన ఒక నెలలోగా కోర్టులో ఫిర్యాదు చేయాలి. మొదటి 30 రోజులు జారిపోతే ఆ చెక్కు పంపినందుకు ఆ క్రిమినల్ కేసు నిలవదు. పండుగకు ఊరు వెళ్లివచ్చి నోటీసు పంపుదామనుకున్న జూనియరు వలన ఒక కుటుంబం మునుగుతుంది.

భూమి దావాలో సర్వే నంబరు, విస్తీర్ణము, నాలుగు హద్దులు వ్రాసే షెడ్యూలు అనే భాగముంటుంది. దావా అంతా అందమైన ఇంగ్లీషులో ఉండి, షెడ్యూలులో తూర్పు పడమరలు తారుమారైతే, గెలిచిన డిక్రీతో భూమి స్వాధీనం చేసుకోబోయినప్పుడు కొత్త తగవు మొదలవుతుంది. పెద్ద వకీళ్లు షెడ్యూలును వ్రేలు పెట్టి చదవడం అందుకే.

ఇంకొక హెచ్చరిక. 2024 జూలై 1 నుండి మూడు కొత్త క్రిమినల్ చట్టాలు అమలులోనికి వచ్చాయి. 1860 నాటి శిక్షాస్మృతి, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు, 1872 నాటి సాక్ష్య చట్టము స్థానములో భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చాయి. ఖర్చు తగ్గుతుందని అన్నగారి పాత పుస్తకాలు మాత్రమే పట్టుకొని చదివితే చాలదు. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది గనుక పాతవి పారవేయడమూ కాదు. రెండూ దగ్గర ఉండాలి.

కోర్టుకు దారి

చిక్కడపల్లిలో గాని నారాయణగూడలో గాని మెట్రో ఎక్కితే ఎం.జి.బి.ఎస్. దగ్గర దిగవచ్చు. 2020 ఫిబ్రవరిలో ఆ మార్గం మొదలైన తరువాత హైకోర్టు దగ్గరైంది. మూసీ ఒడ్డున 1920లో ప్రారంభమైన ఆ భవనాన్ని చూడవలసిందే. కాని విద్యార్థి ఎక్కువ రోజులు కూర్చోవలసినది అక్కడ కాదు. సాక్షులను విచారించేది క్రింది కోర్టులలో – నాంపల్లి క్రిమినల్ కోర్టులు, సిటీ సివిల్ కోర్టు, జిల్లాలలోని కోర్టులు.

వెనుక బెంచీ మీద నోటు పుస్తకంతో కూర్చొని గమనించాలి. కేసు పిలిచినప్పుడు లాయరు ఏ మాటతో లేచాడు? తన సాక్షిని అడిగేటప్పుడు జవాబును ప్రశ్నలోనే అందించకూడదన్న నియమాన్ని ఎలా పాటించాడు? ఎదుటి సాక్షిని అడిగేటప్పుడు ఎక్కడ ఆపాడు? అక్కరలేని ఒక్క ప్రశ్న అడిగి చెడగొట్టుకున్నది ఎక్కడ? వాయిదా పడితే ఎందుకు పడింది? బెంచి క్లర్కుతో, అటెండరుతో ఎలా మాట్లాడాలి, ఫైలింగులో కాగితం ఎందుకు తిరిగి వచ్చింది – ఇవన్నీ అక్కడే తెలుస్తాయి.

ఇంటర్న్‌షిప్‌లో కొన్ని వారాలు సొంత తాలూకా కోర్టులో చేయమని మా సలహా. హాస్టలు ఖర్చు తగ్గుతుంది. సీనియర్లు దగ్గర కూర్చోబెట్టుకుంటారు. రేపు అక్కడే ప్రాక్టీసు పెట్టాలనుకుంటే ముఖపరిచయం కూడా ఏర్పడుతుంది.

ఏలీయా చేతులమీద నీళ్లు

ఇప్పుడు తల్లిదండ్రుల ప్రశ్నకు వద్దాము. ఫైళ్లు ఎందుకు మోయాలి? ఇక్కడ ప్రవక్త ఎవరైనా ఉన్నాడా అని రాజు అడిగినప్పుడు, ఏలీయా చేతులమీద నీళ్లు పోసిన ఎలీషా ఉన్నాడని ఒక సేవకుడు చెప్పాడు (2 రాజులు 3వ అధ్యాయము). ప్రవక్త అయిన తరువాత కూడా ఎలీషాకు గుర్తింపు అదే. నీళ్లు పోసిన సంవత్సరాలు వృథా కాలేదు. సీనియరు ఫైలు మోసే జూనియరు దారిలో దానిని చదవాలి. రేపటి వాయిదాకు ఏమి అడుగుతారో ముందుగా ఊహించి వ్రాసుకొని, సీనియరు అడిగినదానితో పోల్చి చూసుకోవాలి. ఆ ఫైలు ఎందుకు గెలిచిందో, ఎందుకు ఓడిందో చెప్పలేనివాడు బరువు మోసినట్లే గాని పని నేర్చుకున్నట్లు కాదు.

ఈ సంవత్సరాలలో సంపాదన స్వల్పము. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, జూనియర్లకు నగరాలలో నెలకు కనీసం 20,000, గ్రామీణ ప్రాంతాలలో 15,000 రూపాయలు ఇవ్వమని సీనియర్లకు సూచించింది. అది సూచనే, కట్టడి కాదు. కొందరు ఇస్తారు, కొందరు బస్సు ఛార్జీలతో సరిపెడతారు. ఎన్‌రోల్‌మెంటు ఫీజు విషయంలో మాత్రం ఒక మేలు జరిగింది. స్టాంపు డ్యూటీ కాక సాధారణ అభ్యర్థుల నుండి 750, ఎస్.సి., ఎస్.టి. అభ్యర్థుల నుండి 125 రూపాయల కంటె ఎక్కువ వసూలు చేయరాదని 2024 జూలై 30న సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. బి.సి.-సి ధృవపత్రముతో చదివిన మన పిల్లలకు వర్తించేది 750.

ఈ ఇరుకు రోజులలోనే అశోక్‌నగర్ పిలుస్తుంది. "కోర్టు ఏమి పెడుతుంది, జడ్జి పరీక్షకు కోచింగ్ తీసుకో" అంటారు స్నేహితులు. జడ్జి కావాలనుకోవడం మంచిదే. అయితే సివిల్ జడ్జి ఉద్యోగానికి కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది. నోటిఫికేషను వచ్చినప్పుడు దానిలోని షరతును పిల్లలు స్వయంగా చదువుకోవాలి. ఏది ఎలా ఉన్నా, సాక్షి ముఖం చూడకుండా న్యాయపీఠం ఎక్కడం ఎవరికీ మేలు కాదన్నదే ఆ తీర్పు వెనుక ఉన్న ఆలోచన.

ఆడపిల్లలను గురించి

కూతురిని లా చదివించినవారు కూడా, సాయంత్రం సీనియరు ఆఫీసుకు పంపడానికి వెనుకాడుతున్నారు. ఆ జాగ్రత్తను మేము తప్పుపట్టము. ఏ ఆఫీసు, ఎంతమంది పనిచేస్తారు, తిరిగి రావడం ఎలా అని విచారించండి. మహిళా సీనియర్లు ఉన్నారేమో వెదకండి. కాని మానిపించవద్దు. కర్నేలియా సోరాబ్జీ గారు ఒక క్రైస్తవ బోధకుని కుమార్తె. 1892లో ఆక్స్‌ఫర్డులో లా పరీక్ష వ్రాసిన మొదటి స్త్రీ ఆమె. స్త్రీలు వకీళ్లు కారాదన్న అడ్డు 1923లో తొలగేవరకు ఆమెకు కోర్టులో స్థానం లేదు. అయినా ఊరకుండక, ఘోషాలో ఉన్న స్త్రీల ఇండ్లకు వెళ్లి వారి ఆస్తి తగవులు విని, కాగితాలు సరిచేసి, ఆదుకున్నారు. పురుషునితో చెప్పుకోలేని సంగతులు ఈనాటికీ ఉన్నాయి. వాటిని విని వ్రాసే ఆడకూతురు ప్రతి తాలూకా కోర్టులోనూ అవసరము. సెలోపెహాదు కుమార్తెలు మోషే ఎదుట నిలిచి తమ స్వాస్థ్యము అడిగినప్పుడు, వారు అడిగినది న్యాయమని దేవుడే తీర్పిచ్చాడు గదా.

ఇల్లూ సంఘమూ చేయదగినవి

1. బిడ్డ రికార్డు పుస్తకం ఒకసారి చేతికి తీసుకోండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. "నాయనా, ఏ కోర్టుకు వెళ్లావు? ఆరోజు ఎవరు సాక్ష్యం చెప్పారు?" అని అడగండి. చూసిన బిడ్డ కథలా చెప్తాడు. చూడని బిడ్డ తడబడతాడు.

2. పట్టా వచ్చిన తరువాత మూడేళ్లు చేతిసాయం తప్పదని మొదటి రోజే లెక్క వేసుకోండి. మధ్యలో అప్పులవాళ్లు, పెళ్లి సంబంధాలవాళ్లు తొందరపెడతారు. విత్తిన వెంటనే కోతకు కొడవలి పట్టుకొని వెళ్లము గదా.

3. సొంత భూమి తగవును అతని మొదటి కేసుగా పెట్టకండి. అతని సీనియరుకు అప్పగించి, అతనిని ప్రక్కన కూర్చోనివ్వండి.

4. సంఘములో లాయర్లు, విశ్రాంత కోర్టు ఉద్యోగులు ఉంటే, అయ్యగారు ఒక పేరుల పట్టిక తయారుచేసి ఉంచవచ్చు. బిడ్డకు ఇంటర్న్‌షిప్ చూపించే ఒక్క పరిచయము వెయ్యి రూపాయల కానుకకంటె మేలు. స్త్రీల సమాజము, యౌవనస్థుల కూటము కలిసి మూల చట్టాల పుస్తకాలు కొనిపెట్టవచ్చు.

5. జిల్లా న్యాయ సేవాధికార సంస్థవారిని పిలిచి సంఘములో ఒక మధ్యాహ్నము చట్టాల అవగాహన కూటము పెట్టించండి. స్త్రీలకు, పిల్లలకు, ఎస్.సి., ఎస్.టి.లకు, జైలులో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఏర్పాటుచేసే చట్టము 1987లో చేయబడి 1995 నవంబరు 9 నుండి అమలులో ఉన్నది. ఫోను నంబరు 15100. లా విద్యార్థులు ఆ సంస్థలో పారాలీగల్ వాలంటీర్లుగా చేరవచ్చు. పేదవారి దరఖాస్తులు వ్రాసిపెట్టడంకంటె మంచి అభ్యాసము ఏ కాలేజీ పెట్టగలదు?

విద్యార్థులకు ఒక్క మాట. యిత్రో మోషేకు సలహా ఇచ్చినప్పుడు, న్యాయం తీర్చడానికి ఎటువంటివారిని ఎన్నుకోవాలన్నాడు? సామర్థ్యము, దైవభక్తి, సత్యాసక్తి కలిగి, లంచమును అసహ్యించుకునేవారిని (నిర్గమ 18వ అధ్యాయము). భక్తి ఒక్కటే చాలుననలేదు, సామర్థ్యము ఒక్కటే చాలునననూ లేదు. ప్రార్థన చేసుకొని గడువు తేదీ మరచిపోయిన లాయరు కక్షిదారునికి దీవెన కాడు. తేదీలన్నీ తెలిసి అబద్ధపు సాక్షిని నేర్పించే లాయరు దేవునికి స్నేహితుడు కాడు. పౌలు తీతుకు వ్రాసిన పత్రిక చివర ధర్మశాస్త్రవేత్త జేనా అనే ఒకని పేరు చెప్పి, అతనికేమీ తక్కువ కాకుండా సాగనంపుమని కోరాడు. మన సంఘాలు కూడా తమ జేనాలను అలా సాగనంపాలి.

నోరులేనివారి పక్షమున నోరు తెరిచే బిడ్డలు మన ఇండ్లలో లేచుదురు గాక. వారి నోటికి పని నేర్పే ఓర్పును ప్రభువు వారికీ, మనకూ దయచేయును గాక. ఆమేన్.